మహమ్మారి - చట్టసభ - అనుబంధ ప్రశ్న

సికింద్రాబాద్‌కు మహమ్మారి కొత్త కాదు. 1813లో నగరంలో గత్తర లేచి వేలాదిమందిని పొట్టన పెట్టుకుందనీ, పటాలంలో డోలీ మోసే సురటి అప్పయ్య ఉజ్జయినిలో ఉండగా అమ్మవారికి మొక్కుకున్నాడనీ, 1815లో తిరిగివచ్చి మహంకాళిని ప్రతిష్ఠించాడనీ ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. లష్కర్ బోనాల వెనక ఉన్న కథ ఇది. నల్లకుంటలోని అంటువ్యాధుల ఆసుపత్రిని జనం కోరంటి దవాఖానా అంటారు. 'క్వారంటైన్' అనే దొరల మాట జనం నోట్లో నలిగి నలిగి 'కోరంటి' అయింది.

గత్తర, కోరంటి - ఈ రెండూ రోగాన్ని అనుభవించినవాళ్లు పెట్టుకున్న పేర్లు. ఏలేవాళ్లు పెట్టే పేర్లు వేరే ఉంటాయి. చట్టంలోకీ, గెజెట్‌లోకీ, మంత్రిగారి జవాబులోకీ ఎక్కేవి అవే. ఈ రెండు రకాల మాటలూ ఎదురెదురుగా నిలబడి తేల్చుకోవలసిన చోటు చట్టసభ. మహమ్మారి కాలంలో అక్కడ జరిగే వాదం పైకి మందుల గురించీ, మంచాల గురించీ, నిధుల గురించీ అనిపిస్తుంది. లోతుకు పోయి చూస్తే అది మాటల అర్థాల మీద జరిగే పోరు. 'ప్రజాహితం' అంటే ఎవరి హితం? 'హింస' అని దేన్ని అంటాం? 'లెక్క'లోకి వచ్చేది ఎవరు, రానిది ఎవరు? మాటతో బతికే రచయితలకూ, మాటను చదువుకునే సాహిత్య విద్యార్థులకూ ఇది పరాయి విషయం కాజాలదు. అందుకు సికింద్రాబాద్ చరిత్రే మంచి ఆధారం.

1

1897 ఆగస్టు 20న బేగంపేటలో, సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును సూక్ష్మదర్శిని కింద పెట్టి మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమలకు నెత్తురు ఇచ్చినవాడు హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. పరాయిపాలనలో ఒక పేదవాడి ఒంటిని అణాల లెక్కన కొన్న బేరం అది. అందులోని అసమానతను దాచనక్కర్లేదు. అయినా రాస్ అతని పేరు రాసుకున్నాడు, ఇచ్చిన అణాలు రాసుకున్నాడు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. 2020కి వచ్చేసరికి దీని అవసరం పడుతుంది.

ఆ ఆగస్టుకు ఆరు నెలల ముందు, ఫిబ్రవరి 4న, కలకత్తాలో వైస్రాయి శాసనమండలి అంటువ్యాధుల చట్టాన్ని ఆమోదించింది. 1896లో బొంబాయిలో పుట్టిన ప్లేగు అందుకు కారణం. చట్టంలో ఉన్నవి నాలుగే సెక్షన్లు. ప్రమాదకరమైన అంటువ్యాధి అంటే ఏమిటో అందులో నిర్వచించలేదు. రోగికి ఏ హక్కులున్నాయో చెప్పలేదు. ప్రభుత్వం విధిగా చేయవలసిన పనులు ఏవో చెప్పలేదు. అవసరమనుకున్న ఏ నిబంధననైనా విధించే అధికారం ఉంది. ధిక్కరించినవాడికి శిక్ష ఉంది. 'సద్భావం'తో పనిచేసిన అధికారి మీద దావా వేయరాదన్న రక్షణ ఉంది. బిల్లు ప్రవేశపెట్టిన జాన్ వుడ్‌బర్న్ ఇవి అసాధారణమైన అధికారాలేనని ఒప్పుకున్నాడు. క్లిష్ట సమయంలో ప్రజలు పాలనాధికారుల విచక్షణను నమ్మాలని వాదించాడు.

విచక్షణ, సద్భావం, నమ్మకం. మూడూ మంచి మాటలే. కాని ఆ వాక్యంలో కర్త ఎవరో చూడాలి. విచక్షణా సద్భావమూ అధికారి సొత్తు. నమ్మవలసిన బాధ్యత మాత్రం జనానిది. ఆ నమ్మకం ఎలాంటి ఫలితం ఇచ్చిందో పూనాలో వెంటనే కనిపించింది. సోల్జర్లు ఇళ్లలో జొరబడి రోగుల కోసం వెతికారు. జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. దరిమిలా 'కేసరి'లో అచ్చయిన రచనల మీద తిలక్‌కు రాజద్రోహం కింద 18 నెలల శిక్ష పడింది. ఆ విచారణలో న్యాయమూర్తి స్ట్రాచీ ప్రభుత్వం పట్ల ప్రీతి లేకపోవడమే అప్రీతి అని అర్థం చెప్పాడు. మరుసటి ఏడు రాజద్రోహ సెక్షన్‌ను సవరించి ఇంకా విస్తరించారు. ప్లేగు మీద మొదలైన చట్టం ఒక్క ఏడాదిలో పత్రికారచన మీదికి వచ్చిందన్నమాట. రోగానికి నిర్వచనం ఇవ్వని ప్రభుత్వం ద్రోహానికి మాత్రం కావలసినంత నిర్వచనం ఇచ్చింది.

2

అప్పటి కలకత్తా మండలిలో మెజారిటీ అధికారులదే. అయినా ఒక చిన్న కిటికీ తెరుచుకుని ఉంది. 1892 కౌన్సిళ్ల చట్టం సభ్యులకు ప్రశ్న అడిగే హక్కు ఇచ్చింది. ముందుగా నోటీసు ఇచ్చి ప్రశ్న వేయవచ్చు, అధికారి జవాబు చదువుతాడు. అక్కడితో సరి. ఆ జవాబు మీద మళ్లీ అడగడానికి వీల్లేదు. జవాబులోని లొసుగును పట్టుకుని అక్కడికక్కడే నిలదీసే ప్రశ్నను చట్టసభల భాషలో అనుబంధ ప్రశ్న అంటారు. ఆ హక్కు 1909 సంస్కరణలతో, అదీ మొదటి ప్రశ్న వేసిన సభ్యుడికి మాత్రమే వచ్చింది. 1919 సంస్కరణల తర్వాత తక్కిన సభ్యులకూ దక్కింది. మొదటి ప్రశ్నకు జవాబు కచేరీలో గుమాస్తా రాసి పెడతాడు. రెండో ప్రశ్నకు మంత్రి తన నోటితో చెప్పాలి. మాటల అసలు అర్థం బయటపడేది అప్పుడే. ప్రశ్నోత్తరాల సమయానికి ప్రాణం అనుబంధ ప్రశ్నే అనడం అందుకే.

ఈ రెండు సంస్కరణల మధ్యకాలంలోనే 1918 ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. దేశంలో కోటికి పైగా జనం పోయారని చరిత్రకారుల అంచనా. 1911 నుంచి 1921 వరకు గడిచిన పదేళ్లలో దేశ జనాభా పెరగకపోగా తగ్గింది. జనగణన చరిత్రలో అలా జరిగింది ఆ ఒక్కసారే. ఒక్క హైదరాబాద్ రాజ్యంలోనే 1 కోటి 34 లక్షలుగా ఉన్న జనాభా సుమారు 1 కోటి 25 లక్షలకు దిగింది. ఆ అంకెల్లో మనుషుల పేర్లు లేవు. కాని తీసివేత లెక్కయినా మిగిలింది. తెల్లదొరల రికార్డు దయతో రాసింది కాదు, శిస్తు కోసమూ పాలన కోసమూ రాసింది. అయినా పోయినవాళ్లు పోయినట్టు తేలింది.

3

2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కరోనా కేసు బయటపడింది. రోగిని చేర్చింది సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో. ఎమర్జెన్సీ రోజుల్లో రాజకీయ ఖైదీలను ఉంచిన ముషీరాబాద్ జైలు స్థలంలో కట్టిన ఆసుపత్రి అది. మార్చి 23న లోక్‌సభ ఆర్థిక బిల్లును చర్చ లేకుండా ఆమోదించి నిరవధికంగా వాయిదా పడింది. 24 రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి లాక్‌డౌన్ ప్రకటించారు. అమలుకు గడువు నాలుగు గంటలు. రాష్ట్రాలు 1897 చట్టాన్ని బయటికి తీశాయి. కేంద్రం 2005 విపత్తు నిర్వహణ చట్టాన్ని ప్రయోగించింది. ఆ చట్టం కింద ఉత్తర్వులు వెలువరించింది హోం శాఖ. అప్పుడు ఆ శాఖ సహాయమంత్రి జి. కిషన్ రెడ్డి సికింద్రాబాద్ లోక్‌సభ సభ్యుడే. వ్యక్తిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఈ ఊరి ప్రతినిధి ప్రభుత్వంలో ఉన్నాడు, ఈ ఊరి ప్రశ్న మాత్రం సభలో లేదు. ఎందుకంటే ఆరు నెలలపాటు సభే లేదు.

సభ లేని ఆ నెలల్లో కొత్త మాటలు ఉత్తర్వుల రూపంలో దిగాయి. మొదటిది 'సామాజిక దూరం'. అంటరానితనం పాటించిన దేశంలో, వాడలను ఊరికి దూరంగా పెట్టిన దేశంలో ఈ మాట మంత్రులకు తడుముకోకుండా నోట పలికింది. అభ్యంతరం చెప్పినవాళ్లు సభ బయటివాళ్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మార్చిలోనే 'భౌతిక దూరం' అనే మాటకు మారింది. మన ప్రకటనల్లో పాత మాటే చాలాకాలం నిలిచింది.

రెండోది 'వలస కార్మికుడు'. మన భాషలో వలస అనే మాటకు రెండు ముఖాలున్నాయి. బతుకుతెరువుకు ఊరు విడవడం వలసే. పరాయివాడు వచ్చి మనల్ని ఏలడమూ వలసపాలనే. వలసపాలన చేసిన చట్టం 123 ఏళ్ల తర్వాత వలస కూలీ మీద ప్రయోగమైంది. ఆనకట్టలు కట్టడానికి దేశమంతా తిరిగిన పాలమూరు లేబర్‌ను ఎరిగిన తెలంగాణకు ఈ మాట బరువు తెలుసు. మార్చి చివర రాష్ట్ర ప్రభుత్వం వలస కార్మికులు అభివృద్ధిలో భాగస్వాములని ప్రకటించి, మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామంది. ఆ భాగస్వామ్యానికి అర్థం ఏప్రిల్ 29న సంగారెడ్డి జిల్లా కందిలో తేలింది. ఐఐటి భవనాలు కడుతున్న కూలీలు కూలి డబ్బుల కోసం, సొంత ఊళ్లకు పోవడం కోసం రోడ్డెక్కారు. రెండు రోజులు తిరగకుండా, మే 1 తెల్లవారుజామున, దేశంలోకెల్లా మొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు సుమారు 1,200 మందితో లింగంపల్లి నుంచి హతియాకు బయలుదేరింది. నడిపింది సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణమధ్య రైల్వే. 'వలస' అనే మాట స్థానంలో ఆ బండి మీదికి 'శ్రామిక్' అనే పేరు, అదీ మేడే నాడు, తిరగబడ్డ కూలీల మూలంగానే వచ్చింది.

వారం తిరిగేసరికి, మే 8న, అదే దక్షిణమధ్య రైల్వే పరిధిలో, ఒకప్పటి నిజాం రాజ్యపు ఔరంగాబాద్ దగ్గర, నడిచి నడిచి అలసి పట్టాల మీద నిద్రపోయిన 16 మంది కూలీల మీదుగా గూడ్సు బండి పోయింది. చెల్లాచెదురైన రొట్టెల ఫొటోలు దేశమంతా చూసింది. రైల్వే చట్టం భాషలో అనుమతి లేకుండా పట్టాల మీదికి వచ్చినవాడు అతిక్రమణదారు. చావులో కూడా వాళ్లకు మిగిలింది ఆ పేరే.

4

2020 సెప్టెంబరు 14న పార్లమెంటు సమావేశమైంది. ప్రశ్నోత్తరాల సమయాన్ని రద్దు చేశారు. జీరో అవర్‌ను అరగంటకు కుదించారు. మంత్రులకు జవాబులు అందించడానికి అధికారులు గుంపుగా రావలసి వస్తుందనీ, వ్యాధి వ్యాపించే సమయంలో అది మంచిది కాదనీ ప్రభుత్వం అన్నది. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు ఇస్తూనే ఉన్నాం కదా అని కూడా అన్నది. ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. సభ్యులు జబ్బుపడ్డ మాట నిజం. కాని అదే సభలో బిల్లులు పెట్టడానికి, ఆమోదించడానికి అడ్డురాని జబ్బు ప్రశ్నకే ఎందుకు అడ్డొచ్చింది? రాతజవాబు ఉండీ అనుబంధ ప్రశ్న లేని ఆ ఏర్పాటు సరిగ్గా 1892 నాటి ఏర్పాటే. 1975 జూలైలో, ఎమర్జెన్సీ పెట్టిన తర్వాత జరిగిన తొలి సమావేశంలోనూ ప్రశ్నలు లేవు.

ఇక ఆ వారం వచ్చిన రాతజవాబులు చూద్దాం. లాక్‌డౌన్‌లో ఎంతమంది వలస కార్మికులు చనిపోయారని అడిగితే, అలాంటి లెక్క తమ దగ్గర లేదనీ, కనుక నష్టపరిహారం ప్రశ్న ఉత్పన్నం కాదనీ సెప్టెంబరు 14న కార్మిక శాఖ చెప్పింది. కోటి మందికి పైగా సొంత రాష్ట్రాలకు తిరిగి వెళ్లారన్న లెక్క అదే శాఖ దగ్గర ఉంది. వాళ్లు ఎందుకు వెళ్లారంటే, లాక్‌డౌన్ ఎంతకాలం ఉంటుందోనన్న తప్పుడు వార్తల వల్ల భయపడి వెళ్లారని మరునాడు హోం శాఖ చెప్పింది. లాక్‌డౌన్ 37 వేల నుంచి 78 వేల దాకా మరణాలను నివారించిందని ఆరోగ్యమంత్రి హర్షవర్ధన్ సభకు ప్రకటించారు. ఆ అంకెకు శాస్త్రీయ ఆధారం ఏమిటని రాజ్యసభలో ఆనంద్ శర్మ అడిగారు. అదే వారంలో శ్రామిక్ రైళ్లలో 97 మంది చనిపోయారని రైల్వే మంత్రి రాతపూర్వకంగా ఒప్పుకున్నారు.

ఈ నాలుగు జవాబులనూ పక్కపక్కన పెట్టి చదవండి. చావకుండా మిగిలినవాళ్ల లెక్క ఒక శాఖ దగ్గర ఉంది. ఇల్లు చేరినవాళ్ల లెక్క ఉంది. రైల్లో పోయినవాళ్ల లెక్క ఇంకో శాఖ దగ్గర ఉంది. రోడ్డు మీద పోయినవాళ్ల లెక్క మాత్రం ఏ శాఖ దగ్గరా లేదు. 'లెక్క లేదు' అన్న మాటకు తెలుగులో ఉన్న రెండో అర్థం ఇక్కడ దాచినా దాగదు. ఆకలి, ఇంటి అద్దె, రాని కూలి - వీటిని జవాబులోంచి తీసేసి 'తప్పుడు వార్త'ను కర్తను చేయడంతో నడక కూలీల పొరపాటు అయిపోయింది.

సభలో అనుబంధ ప్రశ్న ఉంటే ఎవరైనా ఒక సభ్యుడు లేచి ఒక్క మాట అడిగి ఉండేవాడు: 1979లో ఈ పార్లమెంటే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసింది కదా, కంట్రాక్టరు రిజిస్టరు పెట్టాలనీ, కూలీకి పాసుపుస్తకం ఇవ్వాలనీ, దారిఖర్చు ఇవ్వాలనీ అందులో ఉంది కదా, మరి ఆ రిజిస్టర్లు ఏవి? లెక్క లేదన్న జవాబు ఆ చట్టం అమలు కాలేదని ఒప్పుకోలు. ఆ ఒప్పుకోలును మంత్రి నోట రాబట్టే అవకాశం లేకుండా పోయింది. పైపెచ్చు ఎనిమిది రోజులకు, సెప్టెంబరు 22, 23 తేదీల్లో, ఎనిమిదిమంది సభ్యుల సస్పెన్షన్‌కు నిరసనగా ప్రతిపక్షం బహిష్కరించిన సభలు ఆ 1979 చట్టాన్ని కొత్త కార్మిక కోడ్‌లో కలిపివేశాయి. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లుల మీద ఓట్ల లెక్కింపు కోరితే మూజువాణీతో ముగించారు. ఆ సభలో అందని అనుబంధ ప్రశ్నను రైతులు ఏడాదిపాటు ఢిల్లీ పొలిమేరల్లో కూచుని అడిగారు. 2021 నవంబరులో ఆ చట్టాలు రద్దయ్యాయి.

5

ప్రభుత్వ పక్షం మాటలన్నీ అబద్ధాలు, ప్రతిపక్షం మాటలన్నీ సత్యాలు అని దీనికి అర్థం కాదు. 1897 చట్టానికి ఆ సెప్టెంబరులోనే చేసిన సవరణ చూడండి. వైద్యసిబ్బంది మీద దాడిచేస్తే మూడు నెలల నుంచి ఐదేళ్లు, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా శిక్ష. ఏప్రిల్ 1న గాంధీ ఆసుపత్రిలో ఒక రోగి చనిపోతే బంధువులు డాక్టర్ల మీద దాడి చేశారు. కనుక ఇలాంటి రక్షణ అవసరమే. కాని జూన్‌లో మళ్లీ దాడి జరిగినప్పుడు అక్కడి జూనియర్ డాక్టర్లు రోడ్డు మీద కూచుని అడిగింది రక్షణ ఒక్కటే కాదు. సిబ్బందిని పెంచమన్నారు. రోగులందరినీ ఒక్క ఆసుపత్రి మీద వేయకుండా పంచమన్నారు. చట్టం నిర్వచించిన 'హింస'లో చేయి ఎత్తిన మనిషి ఉన్నాడు. చాలని మంచాలు, చాలని నర్సులు, తెల్లవార్లూ పనిచేయించిన ఏర్పాటు ఆ నిర్వచనంలోకి రాలేదు.

రాష్ట్రాల సంగతీ అంతే. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయం కలిగి 11 మంది చనిపోయారు. జూలై 20న కేంద్ర ఆరోగ్య శాఖ రాజ్యసభకు ఇచ్చిన రాతజవాబులో, ఆరోగ్యం రాష్ట్రాల అంశమనీ, ఆక్సిజన్ కొరతవల్ల మరణించారని రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదనీ ఉంది. ఆ వాక్యం వ్యాకరణరీత్యా నిర్దుష్టం. చనిపోలేదని అనలేదు, నివేదిక రాలేదని మాత్రమే అన్నది. కేంద్రం రాష్ట్రం మీదికి, రాష్ట్రం డాక్టరు రాసే కారణం మీదికి నెట్టుకుంటూ పోతే చివరికి మిగిలేది ఊపిరాడక పోయిన మనిషి. 'సమాఖ్య' అనే మంచి మాటకు అక్కడ దక్కిన అర్థం అది. ఈ విషయంలో పార్టీల తేడా తక్కువ. అధికారంలో ఎవరుంటే వారికి నివేదిక లేకపోవడమే సుఖం.

6

ఇదంతా రాజనీతిశాస్త్రజ్ఞుల పని, మనకెందుకు అని కొందరు సాహితీమిత్రులు అనవచ్చు. మహమ్మారి మీద మన దగ్గర కవితలు కుప్పలుగా వచ్చాయి. నడిచిపోయిన పాదాల మీద, ఎండిన పెదాల మీద కన్నీళ్లు కార్చాం. అందులో నిజాయితీ ఉంది, కాదనను. కాని కన్నీటి కవితకు ఏ మంత్రీ జవాబు చెప్పనక్కర్లేదు. 'అయ్యో' అన్నవాడితో పాలకుడూ గొంతు కలిపి 'అయ్యో' అనగలడు. పేరు, ఊరు, తేదీ, రావలసిన కూలి, ఎక్కిన బండి నంబరు రాసిపెట్టిన కథకు మాత్రం 'ప్రశ్న ఉత్పన్నం కాదు' అని చెప్పి తప్పించుకోవడం కష్టం. బేగంపేటలో దోమకు అణా ఇచ్చిన పరాయి డాక్టరు హుస్సేన్ ఖాన్ పేరు రాసుకున్నాడు. మన ఓటుతో ఏర్పడ్డ సభ కార్డులో రోడ్డున పోయిన కూలీకి పేరు లేదు. ఈ ఖాళీని పూరించడం సాహిత్యం చేయగల పని, చేయవలసిన పని.

అందుకు మొదట సభల నివేదికలు చదవడం అలవాటు చేసుకోవాలి. అవి చదవడానికి రుచిగా ఉండవు. ఒక మంత్రి జవాబును మనం పద్యాన్ని విడదీసినట్టు విడదీయాలి. కర్త ఎవరు? కర్మ ఎవరు? క్రియ కర్మణిలోకి ఎందుకు జారింది? ఏ విశేషణం ఏ నామవాచకాన్ని మింగేసింది? ఛందస్సు, అలంకారం నేర్చుకున్న విద్యార్థికి ఈ విద్య కష్టమేమీ కాదు. ఆ తర్వాత కోరంటి వీధిలో, లింగంపల్లి ప్లాట్‌ఫారం మీద, గాంధీ ఆసుపత్రి గేటు దగ్గర జనం అదే సంగతిని ఏ మాటల్లో చెప్పుకున్నారో వినాలి. ఈ రెండు భాషలనూ ఒక పేజీ మీదికి తెచ్చినప్పుడు సభలో రద్దయిన రెండో ప్రశ్న మన రచనలో లేచి నిలబడుతుంది.

ఇంకో మహమ్మారి ఎప్పుడొస్తుందో మనకు తెలియదు. వచ్చిననాడు విచక్షణ, సద్భావం, నమ్మకం అనే మూడు మాటలూ మళ్లీ వస్తాయి. అప్పటికి 2020 కూలీల పేర్లు ఎక్కడైనా రాసి ఉంటాయా లేదా అన్నది ఇప్పుడు మనం చేసే పని మీద ఆధారపడి ఉంది.